సర్దుబాటు కనిపించిన చోట ఆగి చూడండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

కళాశాల విద్యార్థుల తీరని అవసరాలలో వ్యాపారానికి పనికివచ్చేవి ఏవి, వాటిని పసిగట్టడం ఎలా అన్న విషయంపై ప్రశ్నలు పంపవలసిందిగా కిందటి సంచికలో కోరాము. విద్యార్థులే కాక తల్లిదండ్రులు, కళాశాల గేటు ముందు దుకాణం నడుపుకునేవారు కూడా రాశారు. ఒకే రకంగా ఉన్నవాటిని కలిపి, ఏడు ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మేము బి.టెక్. మూడో సంవత్సరం చదువుతున్న ముగ్గురు మిత్రులం. సీనియర్ల పాత పాఠ్యపుస్తకాలను జూనియర్లకు అమ్మిపెట్టే యాప్ ఒకటి తయారుచేశాము. అంతకుముందు 200 మందికి గూగుల్ ఫారం పంపితే 160 మందికి పైగా తప్పకుండా వాడతామన్నారు. యాప్ వచ్చి నాలుగు నెలలైంది. ఇంతవరకు పదకొండు పుస్తకాలు చేతులు మారాయి, అందులో నాలుగు మావే. పొరపాటు ఎక్కడ జరిగింది?
– ఇంజనీరింగ్ విద్యార్థి, నరసరావుపేట

జవాబు: పొరపాటు మీ యాప్‌లో కన్నా మీ ఫారంలో ఎక్కువగా ఉన్నదని నా అభిప్రాయం. "ఇలాంటి యాప్ వస్తే వాడతారా?" అని అడిగితే, తోటి విద్యార్థిని నొప్పించడం ఇష్టం లేని ఎవరైనా వాడతామనే అంటారు, అలా అనడానికి వారికి పైసా ఖర్చు లేదు. మీరు రేపటి సంగతి అడిగారు కనుక మర్యాద జవాబుగా వచ్చింది. అడగవలసినది నిన్నటి సంగతి: కిందటి సెమిస్టర్‌లో ఏ పుస్తకం కొన్నారు, ఎక్కడ కొన్నారు, ఎంత పెట్టారు, దాన్ని ఎన్నిసార్లు తెరిచారు? ఇలా ఒక ఇరవై మందిని పక్కన కూర్చుని అడిగి ఉంటే, మీ తరగతిలో చాలామంది పాఠ్యపుస్తకం కొనడం ఎప్పుడో మానేశారనీ, పరీక్షకు వారం పదిరోజుల ముందు ఎవరో చక్కగా రాసుకున్న నోట్సు జిరాక్సుతోనో, ఫోన్‌లో తిరిగే పీడీఎఫ్‌తోనో, ఆల్ ఇన్ వన్ గైడుతోనో గట్టెక్కుతున్నారనీ తేలేది. కొత్తగానే కొనని వస్తువును పాతదైతే మాత్రం ఎందుకు కొంటారు? నిజంగా కొనేవారికి విజయవాడలో లెనిన్ సెంటర్, హైదరాబాద్‌లో కోఠి ఎలాగూ ఉన్నాయి.

తీరని అవసరం అంటే జనం నోటితో కావాలని చెప్పేది అనుకుంటే ఇలాగే దెబ్బతింటాము. ఆ అవసరాన్ని ఇప్పటికే ఏదో విధంగా, అరకొరగా, కష్టపడి తీర్చుకుంటూ ఉంటారు. దానినే నేను సర్దుబాటు అంటాను. సర్దుబాటులో డబ్బో, సమయమో, నిద్రో, ఆత్మాభిమానమో ఖర్చవుతూ ఉంటుంది. ఆ ఖర్చు ఎంత పెద్దదైతే అవసరం అంత గట్టిదన్నమాట. ఎవరూ ఏ సర్దుబాటూ చేసుకోని చోట అవసరం మన ఊహలోనే ఉండి ఉంటుంది.

మన ఊళ్ళలోనే దీనికి రెండు చక్కని నిదర్శనాలున్నాయి. మొదటిది కర్రీ పాయింట్. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ గదులలో ఉండే కుర్రవాళ్ళకు అన్నం వండుకోవడం సమస్య కాదు, రైస్ కుక్కర్ ఆ పని చేసి పెడుతుంది. కూరగాయలు తరగడం, పోపు పెట్టడం, నలుగురిలో ఎవరి వంతు అని తగవు పడడం, గిన్నెలు తోమడం, వీటితోనే చిక్కంతా. అందుకని పచ్చడితోనో గుడ్డుతోనో సరిపెట్టుకునేవారు. పూర్తి భోజనం అమ్మే హోటళ్ళు ఎన్ని ఉన్నా ఆ సర్దుబాటును గమనించి, అన్నం జోలికి పోకుండా కవర్లలో పప్పు, వేపుడు, సాంబారు మాత్రమే కట్టి అమ్మినవారే వీధి వీధికీ నిలదొక్కుకున్నారు. అవసరంలో సగం ఇప్పటికే తీరిపోయిందని గుర్తించి మిగిలిన సగాన్నే అమ్మడం ఎంత తెలివైన పనో మన మేనేజిమెంటు పాఠాలలో ఎక్కడా సరిగ్గా చెప్పినట్టు నాకు కనిపించలేదు. రెండవది అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతంలోని రీడింగ్ రూములు. గ్రూప్స్‌కు చదివేవారు నలుగురైదుగురు ఉండే గదిలో చదవలేక, నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ దొరకడం కోసం పొద్దున్నే వెళ్ళి వరుసలో నిలబడేవారు. పుస్తకం వారి సంచిలోనే ఉండేది, వారికి లేనిది కూర్చునే చోటు మాత్రమే. ఒక హాలు అద్దెకు తీసుకుని, చిన్న చిన్న అరలుగా విడదీసి, ఫ్యాను, దీపం, ఛార్జింగు ప్లగ్గు పెట్టి నెలవారీ రుసుముకు ఇచ్చినవారు ఆ నిశ్శబ్దాన్నే అమ్ముతున్నారు.

బస్సు టిక్కెట్లను ఆన్‌లైన్‌లో అమ్మే రెడ్‌బస్ కథ మీరు వినే ఉంటారు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఫణీంద్ర సామ 2005 దీపావళికి ఇంటికి రావడానికి బస్సు టిక్కెట్టు దొరకక ఏజెంట్ల చుట్టూ తిరిగారు. ఏ బస్సులో ఏ సీటు ఖాళీగా ఉందో ఏ ఒక్క ఏజెంటుకూ పూర్తిగా తెలియని స్థితి అది. అలా కాళ్ళరిగేలా తిరగడమే అప్పటి ప్రయాణికుల సర్దుబాటు. మిత్రులిద్దరితో కలిసి ఆయన 2006లో మొదలుపెట్టిన సంస్థను 2013లో ఇబిబో అనే ఆన్‌లైన్ సంస్థ కొనుగోలు చేసింది. ఈ కథను పండుగ పూట తట్టిన మెరుపులాంటి ఆలోచనగా చెప్పుకుంటారు గానీ, ఏజెంట్లూ ఆపరేటర్లూ సీట్ల లెక్క ఎలా నడుపుతున్నారో వెళ్ళి ఆరా తీసిన భాగమే విద్యార్థులకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఇక మీరు చేయగలిగిన పని. మీ కళాశాలలోనే మొదటి సంవత్సరం ఇంజనీరింగ్ డ్రాయింగ్ కోసం ప్రతి విద్యార్థీ బోర్డుకు బిగించి గీతలు గీసుకునే మినీ డ్రాఫ్టర్ కొంటాడు. ఆ సబ్జెక్టు అయిపోగానే చాలామంది దాన్ని మంచం కిందకు తోసేస్తారు, మళ్ళీ జీవితంలో ముట్టుకోరు. డ్రాయింగ్ బోర్డు, ల్యాబ్ కోటు కూడా అంతే. జూనియర్లు ఇప్పటికే డ్రాఫ్టర్ కోసం హాస్టల్లో గది గదికీ తిరిగి "అన్నా, మీ దగ్గర ఉందా?" అని అడుగుతున్నారంటే సర్దుబాటు ఉన్నట్టే. సీనియర్ల నుంచి సెమిస్టర్ చివర తక్కువ ధరకు సేకరించి, మరలు బిగించి, తుడిచి, కొత్తదాని ధరలో మూడో వంతుకు సెమిస్టర్ అద్దెకు ఇవ్వండి. తిరిగి రావడానికి కొంత డిపాజిట్ పెట్టుకోండి. దీనికి యాప్ అక్కరలేదు. ఒక వాట్సాప్ గ్రూపు, ఒక నోటుపుస్తకం, ఒక ఖాళీ అలమర చాలు. కౌన్సెలింగ్ ముగిసి మొదటి సంవత్సరం తరగతులు మొదలయ్యే ఆ రెండు మూడు వారాలే మీ సీజను. అది దాటితే మళ్ళీ ఏడాది ఆగాలి.

ప్రశ్న: హన్మకొండలో మహిళల హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఏదైనా చిన్న వ్యాపారం చేయాలని ఉంది. పెట్టుబడి పెద్దగా లేదు. అసలు నాకు చుట్టూ ఏ అవసరమూ కనిపించడం లేదు, అన్నీ బాగానే జరిగిపోతున్నట్టు ఉంటుంది. ఎలా వెతకాలి?
– డిగ్రీ విద్యార్థిని, హన్మకొండ

జవాబు: మీరు ఆ హాస్టల్లో రెండేళ్ళుగా ఉన్నారు కనుక మీ కళ్ళు అలవాటు పడిపోయాయి. అలవాటును విడగొట్టడానికి నాకు తెలిసిన మార్గం ఒక నోటుపుస్తకం పెట్టి రాసుకోవడం ఒక్కటే. రెండు వారాలపాటు ప్రతి రాత్రీ ఆ రోజు మీ అంతస్తులో ఎవరికి ఏది దొరకలేదు, దానికి బదులు ఏం చేశారు, ఆ పనికి ఎంత డబ్బు, సమయం, బతిమాలడం ఖర్చయింది అన్న మూడు సంగతులు రాయండి. అది ఏ గంటకు జరిగిందో కూడా రాయండి, ఎందుకంటే మహిళల హాస్టల్లో అవసరాలు గడియారాన్ని బట్టి మారతాయి. గేటు తాళం పడేవరకు ఒక లోకం, పడిన తర్వాత మరొక లోకం.

నా ఊహ ఏమిటంటే, మీ పుస్తకంలో గేటు మూసిన తర్వాతి గంటలే ఎక్కువగా నిండుతాయి. రాత్రి తొమ్మిదిన్నరకు శానిటరీ ప్యాడ్ కావలసి వస్తే మీ స్నేహితురాలు ఏం చేస్తున్నది? గది గదికీ వెళ్ళి అడుగుతున్నది, లేదా గుడ్డతో సరిపెట్టుకుంటున్నది. వాచ్‌మన్‌ను బిస్కెట్లు తెమ్మనగలదు గానీ దీన్ని తెమ్మనలేదు. రేపు పొద్దున ఇవ్వవలసిన అసైన్‌మెంటుకు ఏ-4 కాగితాలు, గ్రాఫ్ షీట్లు, పిన్నులు, పెన్ను రీఫిల్లు. ఇవన్నీ బజారులో ఎక్కడైనా దొరికేవే, ఆ గంటలో మాత్రం దొరకనివి. అందువల్ల రూపాయి రెండు రూపాయలు ఎక్కువైనా ఎవరూ గొణగరు. అయితే ప్యాకెట్ మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరను దాటకండి, అది చట్టానికే విరుద్ధం. బజారులో హోల్‌సేలు ధరకు తెచ్చుకుంటే ఆ తేడాలోనే మీ లాభం ఉంటుంది. 1,500 రూపాయల సరుకుతో ఒక పెట్టె చాలు. అమ్మినది, అడిగినా లేనిది, రెండూ రాయండి. రెండవ జాబితా మొదటిదానికన్నా విలువైనది.

రెండు హెచ్చరికలు. వార్డెన్ అనుమతి ముందే, వీలైతే రాతపూర్వకంగా తీసుకోండి. తలనొప్పి, జ్వరం మాత్రలు అందరూ అడుగుతారు, అవి అమ్మకండి. మందుల అమ్మకానికి 1940 నాటి ఔషధాల చట్టం కింద లైసెన్సు ఉండాలి, పైగా ఒకరికి పడినది మరొకరికి పడకపోవచ్చు.

మీ ఊరిలోనే గమనించవలసినది మరొకటి ఉన్నది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలకు ప్రయాణం ఉచితం. మీ సీనియర్లకు ఇంటికి వెళ్ళాలంటే ఛార్జీ సమస్యగా ఉండేది. మీకు ఛార్జీ సమస్య తీరింది, బతుకమ్మకో సంక్రాంతికో సీటు సమస్య మిగిలింది. పెట్టెతో, పుస్తకాల సంచితో నాలుగు గంటలు నిలబడి వెళ్ళడమే ఇప్పటి సర్దుబాటు. ఒకే దారిలో వెళ్ళే నలభై యాభై మంది పేర్లు ముందుగా పోగుచేసి, ఆర్టీసీ బస్సును అద్దెకు మాట్లాడి, హాస్టల్ గేటు దగ్గరే ఎక్కించగలిగితే డబ్బు ఇచ్చేది మీ స్నేహితురాళ్ళు కాదు, వారి తల్లిదండ్రులు; కూతురు పండుగకు క్షేమంగా ఇల్లు చేరుతుందంటే వారు బేరమాడరు. పథకం ఒకటి వచ్చినప్పుడు పాత అవసరం పోయి దాని పక్కనే కొత్తది పుడుతుంది, ఇది విద్యార్థుల విషయంలో నేను చాలాసార్లు చూశాను.

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. మిత్రుడితో కలిసి కళాశాల ఉత్సవాలకు టీషర్టులు ముద్రించి అమ్ముతున్నానని, అవకాశం వదులుకోకూడదని అంటున్నాడు. హాజరు తగ్గిందని కళాశాల నుంచి సందేశం వచ్చింది. ఆపమని చెప్పాలా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ఆపమని చెప్పేముందు పద్దు చూపించమని అడగండి. ఎన్ని టీషర్టులు ముద్రించారు, ఎన్ని అమ్ముడుపోయాయి, ఎన్ని గదిలో మిగిలిపోయాయి, ఎవరి దగ్గర ఎంత బాకీ ఉన్నది? పద్దు ఉంటే అతను వ్యాపారం చేస్తున్నాడు. లేకపోతే ఖర్చుతో కూడిన కాలక్షేపం చేస్తున్నాడు, అప్పుడు మీ జవాబు మీకే తెలుస్తుంది. టీషర్టుల అవసరం నిజమైనదే, కానీ ఏడాదిలో రెండు మూడు వారాలదే. ముందుగా డబ్బు కట్టించుకుని, సైజుల లెక్క తీసుకుని, ఆ తర్వాతే ముద్రణకు ఇవ్వడం అలవాటు చేసుకుంటే నష్టం రాదు, తరగతులూ పోవు.

హాజరు విషయం తేలికగా తీసుకోకండి. జె.ఎన్.టి.యు. హైదరాబాద్ నిబంధనల ప్రకారం 75 శాతం హాజరు ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉన్నవారికి అనారోగ్యం వంటి కారణాలపై రుసుము కట్టించుకుని మినహాయింపు ఇస్తారు, 65 కన్నా తగ్గితే ఆ సెమిస్టరే పోతుంది. కేంద్ర విద్యాశాఖ 2019లో తెచ్చిన జాతీయ ఆవిష్కరణ, అంకుర విధానంలో, వ్యాపారం చేసే విద్యార్థులకు కళాశాల అనుమతితో హాజరులో వెసులుబాటు ఇవ్వవచ్చన్న మాట ఉన్నది గానీ, అది కళాశాలలు తమంతట తాము అమలు చేసుకోవలసిన మార్గదర్శకం. మీ అబ్బాయి కళాశాల దాన్ని స్వీకరించిందో లేదో ప్రిన్సిపాల్‌ను అడిగి తెలుసుకోండి. ఉన్నదనుకుని ధీమాగా ఉండవద్దు.

మిత్రుడితో భాగస్వామ్యం అన్నారు. కాగితం రాసుకున్నారా? 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం వేరే ఒప్పందం లేకపోతే లాభనష్టాలు సమానం, సంస్థ అప్పులకు ప్రతి భాగస్వామీ బాధ్యుడు. మిత్రుడు చేసిన బాకీ మీ ఇంటి గుమ్మం తొక్కకుండా ఉండాలంటే ఒక పేజీ ఒప్పందం రాయించండి. ఫీజు కట్టడానికి మీరు పంపిన డబ్బు సరుకు మీదకు మళ్ళితే మాత్రం ఆ రోజే ఆపించండి.

ప్రశ్న: ఇంజనీరింగ్ కళాశాలల దగ్గర పన్నెండేళ్ళుగా జిరాక్స్ షాపు నడుపుతున్నాను. పిల్లలందరూ ఫోన్‌లో ఫొటోలు తీసుకుంటున్నారు, వ్యాపారం సగానికి పడిపోయింది. ఇదే చోట ఇంకేం చేయవచ్చు?
– దుకాణదారు, ఇబ్రహీంపట్నం

జవాబు: విద్యార్థుల అవసరాల గురించి మీకు తెలిసినంత ఏ సర్వేకూ తెలియదు. పన్నెండేళ్ళ కళాశాల క్యాలెండరు మీ కౌంటరు మీదుగా నడిచింది. ఏ నెలలో ఏ కాగితం కోసం రద్దీ వస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలరు. మీ దగ్గరకు వచ్చేవారు నకళ్ళ కోసం వచ్చేవారని మీరు అనుకుంటున్నారు. నిజానికి వారిలో చాలామంది ఏదో ఒక దరఖాస్తు నడుమ ఉన్నవారు. ఈపాస్ స్కాలర్‌షిప్పు, బోనఫైడ్, ఆదాయ ధ్రువపత్రం, సప్లిమెంటరీ పరీక్ష ఫీజు, బస్సు పాసు. విద్యార్థి మీసేవకు ఒకసారి, కళాశాల కార్యాలయానికి రెండుసార్లు, బ్యాంకుకు ఒకసారి తిరుగుతాడు. ఆధార్‌లో ఒక అక్షరం, పదో తరగతి మెమోలో ఒక అక్షరం తేడా ఉన్నందుకు మళ్ళీ మొదటికి వస్తాడు. నకలు పోయినా ఆ తిరుగుడు పోలేదు. ఏ దరఖాస్తుకు ఏ పత్రాలు, ఏ కొలతలో ఫొటో, ఏ తేదీలోగా అన్నది గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి, తప్పులు సరిచూసి అప్‌లోడ్ చేసి ఇచ్చే పనికి నిర్ణీత రుసుము పెట్టండి. తిరస్కరణకు గురైతే రెండోసారి ఉచితమని చెప్పండి. మీకు మనుషుల రాకపోక ఉన్నది, నమ్మకం ఉన్నది. కొత్తగా వచ్చినవారికి ఆ రెండూ ఉండవు.

ఒక జాగ్రత్త. పిల్లల ఆధార్ నకళ్ళు, పాస్‌వర్డులు మీ కంప్యూటరులో ఉండిపోకూడదు. పని కాగానే వారి ఎదుటే తొలగించండి.

నకళ్ళ వ్యాపారంలో మిగిలిన భాగం గురించి కూడా ఒక మాట. 2016లో ఢిల్లీ హైకోర్టు, ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆవరణలోని జిరాక్స్ దుకాణంపై ప్రచురణ సంస్థలు వేసిన దావాలో, బోధన కోసం అధ్యాపకులు సూచించిన భాగాలను సంకలనంగా నకలు తీసి ఇవ్వడం కాపీరైటు ఉల్లంఘన కాదని చెప్పింది. దీన్ని బట్టి ఆల్ ఇన్ వన్ గైడును అట్ట నుంచి అట్టదాకా నకలు తీసి అమ్మవచ్చని అర్థం చేసుకోకండి. అధ్యాపకులు యూనిట్ల వారీగా ఇచ్చే నోట్సును సెమిస్టర్ మొదట్లోనే అడిగి తీసుకుని, స్పైరల్ వేయించి సిద్ధంగా ఉంచితే, పరీక్ష ముందు రాత్రి ఫోన్‌లో మసక ఫొటోలు పెద్దవి చేసుకుని చదివే పిల్లలు కొంటారు. చివరి సంవత్సరం ప్రాజెక్టు రిపోర్టుల బైండింగు మాత్రం ఎటూ పోదు.

ప్రశ్న: మా సీనియర్ ఒకరు డబ్బు తీసుకుని ల్యాబ్ రికార్డులు రాసిపెడతాడు. సీజనులో బాగా సంపాదిస్తున్నాడు. ఇది కూడా తీరని అవసరమే కదా, నేనూ మొదలుపెట్టవచ్చునా?
– పాలిటెక్నిక్ విద్యార్థి, కాకినాడ

జవాబు: వద్దు. అవసరం ఉన్నంత మాత్రాన అది తీర్చదగినది కాదు. పరాయి చేతిరాతతో మార్కులు పొందడం మోసం. పట్టుబడితే శిక్ష మీ ఇద్దరికీ పడుతుంది. ప్రాజెక్టులు కొని తెచ్చి సమర్పించడం కూడా ఇదే కోవలోకి వస్తుంది, ఆ వ్యాపారం బోర్డులు పెట్టి మరీ సాగుతున్నదంటే అది మన చదువుల దౌర్భాగ్యం.

ఆ అవసరం అడుగున మరొకటి ఉన్నది చూడండి. ప్రాజెక్టు స్వయంగా చేద్దామనుకునే విద్యార్థికి సెన్సర్లు, రిలేలు, మోటార్లు ఊళ్ళో దొరకవు. హైదరాబాద్ వాడైతే కోఠి గుజరాతీ గల్లీకి పోతాడు. ఊరి బయట కళాశాల అయితే ఒక రోజు దానికే పోతుంది, తెచ్చిన భాగం పనిచేయకపోతే రెండో రోజు. చిన్న ఊళ్ళ వారు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని వారం రోజులు ఎదురుచూస్తారు. మీ డిపార్ట్‌మెంటులో గత రెండేళ్ళ ప్రాజెక్టుల జాబితా తెచ్చుకుని, ఎక్కువగా వాడిన పాతిక భాగాలు రాసుకుని, అవి తెచ్చి, పనిచేస్తున్నాయని మీరే పరీక్షించి హాస్టల్లో అమ్మండి. ఎలా కలపాలో చూపించండి. చేసిపెట్టకండి.

ప్రశ్న: నాకు యాభై నాలుగేళ్ళు. పిల్లలు స్థిరపడ్డారు. మా వీధిలో కాలేజీ పిల్లలు చాలామంది గదులు అద్దెకు తీసుకుని ఉంటున్నారు. ఇంటి భోజనం వండి పంపితే నడుస్తుందా? హాస్టల్ పిల్లలు కూడా మెస్సు తిండి బాగాలేదని ఎప్పుడూ అంటుంటారు.
– ఒక గృహిణి, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మెస్సు తిండిని తిట్టని హాస్టల్ విద్యార్థి ఇంతవరకు పుట్టలేదు. ఆ తిట్లను గిరాకీగా లెక్కవేసుకోకండి. మెస్సుకు నెల డబ్బు ముందే కట్టినవారు అదే పూటకు రెండోసారి డబ్బు పెట్టడం కష్టం. హాస్టల్ వారిలో మీకు దొరికేది మెస్సు విఫలమయ్యే పూటలే. చాలా హాస్టళ్ళలో ఆదివారం మధ్యాహ్నం కోడికూర పెట్టి రాత్రికి ఏదో పులిహోరతో సరిపెడతారు, ఆ రాత్రి పిల్లలు బండి దగ్గర నూడుల్సు తింటారు. ఒక్క ఆదివారం రాత్రికే మీరు చపాతీ కూర పంపితే చాలు, గిరాకీ ఉన్నదీ లేనిదీ నెలలో తేలిపోతుంది.

మీ అసలు ఖాతాదారులు గదులలో ఉండేవారు. వారు ఇప్పుడు ఏం చేస్తున్నారో చూడండి. ఉదయం టిఫిను మానేస్తున్నారు, మధ్యాహ్నం కళాశాల క్యాంటీనులోనో 5 రూపాయల అన్న క్యాంటీనులోనో తింటున్నారు, రాత్రికి కుక్కర్‌లో అన్నం పెట్టుకుని కూర కొనుక్కుంటున్నారు. కనుక వారికి మూడు పూటల భోజనం అమ్మబోకండి. మధ్యాహ్నం 5 రూపాయలతో మీరు పోటీ పడలేరు. ఉదయం ఏడున్నరకు తలుపు దగ్గరకు వచ్చే నాలుగు ఇడ్లీల పొట్లంతో పోటీ పడేవారు ఎవరూ లేరు, ఎందుకంటే ఎనిమిదింటి బస్సు అందుకోవలసిన పిల్లవాడు హోటల్లో కూర్చోలేడు.

లెక్క వేసుకునేటప్పుడు ఏడాదికి పన్నెండు నెలలు అనుకోకండి. వేసవి, దసరా, సంక్రాంతి, సెమిస్టర్ సెలవులు పోను తొమ్మిది నెలల ఆదాయమే చేతికి వస్తుంది, గ్యాసు పొయ్యికీ పాత్రలకూ పెట్టిన పెట్టుబడి మాత్రం పన్నెండు నెలలదీ. నెలాఖరున పిల్లలు అరువు అడుగుతారు. కడుపు విషయం కనుక కాదనలేరు, నేనైనా కాదనలేను. అందుకే ముందే పది పూటల కూపన్లు అమ్మండి. అరువు పెట్టవలసి వచ్చినా ముగ్గురు నలుగురికి మించదు. ఇంట్లో వండినా ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నమోదు తప్పనిసరి, చిన్న స్థాయి వంటవారికి ఏడాదికి 100 రూపాయల రుసుముతో ఆన్‌లైన్‌లోనే అవుతుంది. మొదటి నెల పదిమందికి మించి ఒప్పుకోకండి. నలభైమందికి వండే చెయ్యి వేరు, ఆ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు.

ప్రశ్న: హాస్టల్లో బట్టలు ఉతికించి ఇస్త్రీ చేయించి తెచ్చిపెట్టే పని ఇరవై మందితో మొదలుపెట్టాను, రెండు నెలలైంది. ఇక కంపెనీ రిజిస్టర్ చేసి, లోగో చేయించి, కొత్త సంస్థలకు చేయూతనిచ్చే టీ-హబ్‌లో దరఖాస్తు పెట్టమని మిత్రులు తొందర పెడుతున్నారు. నిజంగా అంత అవసరం ఉన్నదో లేదో నాకే తేలడం లేదు.
– ఎం.బి.ఏ. విద్యార్థి, ఘట్‌కేసర్

జవాబు: ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉన్నది మీ మిత్రుల తొందర. టీ-హబ్ మంచి సంస్థే. 2015లో ట్రిపుల్ ఐటీ ఆవరణలో మొదలై 2022లో రాయదుర్గంలోని పెద్ద భవనానికి మారింది; అక్కడి ప్రోత్సాహం ప్రధానంగా సాంకేతికతతో వేగంగా విస్తరించగల సంస్థలకు ఉద్దేశించినది. ఇస్త్రీ బట్టలకు ఇప్పట్లో అది అక్కరలేదు. చిన్న వ్యాపారాల కోసం కేంద్రం పెట్టిన ఉద్యం నమోదు ఉచితం, కావాలంటే చేసుకోండి. సేవల వ్యాపారానికి ఏటా 20 లక్షల రూపాయల అమ్మకం దాటేవరకు సాధారణంగా జి.ఎస్.టి. నమోదు అవసరం రాదు. మీరు ఆ అంకెకు చాలా దూరంలో ఉన్నారు.

అవసరం ఉన్నదో లేదో తేల్చుకోవడానికి రెండు పనులు చేయండి. మొదటిది, ఆ ఇరవై మందిలో మీ గదివారు, మీ తరగతివారు, మీ ఊరివారు ఎందరో లెక్కపెట్టి వారిని పక్కన పెట్టండి. మీ ముఖం చూసి ఇచ్చినవారు కాక, ఇస్త్రీ కోసం ఇచ్చినవారు మిగులుతారు. ఏడుగురు మిగిలినా అది మంచి సంఖ్యే. వారు ఏ రోజు బట్టలు ఇస్తున్నారో కూడా చూడండి. ప్రెజెంటేషన్ ముందు రోజూ ఇంటర్వ్యూ ముందు రోజూ మాత్రమే ఇస్తున్నట్టయితే, మీరు అమ్మవలసినది నెలవారీ ఉతుకు కాదు, రాత్రి ఇచ్చి పొద్దున్నే తీసుకునే చొక్కా ఇస్త్రీ; దానికి రెట్టింపు ధర పెట్టవచ్చు.

రెండవది, వచ్చే వారం ఏ కారణమూ చెప్పకుండా ఒక రోజు వెళ్ళకండి. ఊరుకుంటే వారు పాత పద్ధతిలో బకెట్టులో నానబెట్టుకున్నారన్నమాట. "అన్నా, ఇవాళ రాలేదేం?" అని రాత్రి పదిలోగా ఎన్ని ఫోన్లు వచ్చాయో లెక్కపెట్టి, ఆ అంకె నాకు రాయండి.